శుక్రవారం పన్నెండున్నర కాపీ

పోయినవారం మా ఇంజనీరు పిల్ల ఫ్రిదాను మెట్ల మీద నిలబెట్టి మీ దగ్గర సెలవు తీసుకున్నాను. మంగళవారం, మధ్యాహ్నం రెండు కావడానికి ఇంకో ఐదు నిమిషాలుంది. ఆ పిల్ల చేతిలో ఒక పెన్‌డ్రైవ్, మడతపెట్టిన కాగితం ఒకటి. పైన మీటింగ్ గదిలో మా యజమాని హాజీ బెద్దు ఉత్తరం టైపు చేయించి ముందు పెట్టుకున్నాడు. ఫలానా ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల మరంబా దీవి ఆసుపత్రికి ఇంటర్నెట్ తెగిపోయిందని అందులో ఉంది. ఆ ఫలానా పేరు రాయాల్సిన చోట మాత్రం చుక్కలు పెట్టి ఉంచాడు. మూడింటికల్లా ఆ ఉత్తరం ఆరోగ్యశాఖ ఆఫీసుకు చేరాలి. అక్కడినుంచి అది పోలీసు స్టేషనుకు వెళ్ళడానికి ఎంతో సేపు పట్టదు.

కొత్తగా చదివేవాళ్ళకు నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు హస్నా. మకస్సార్‌లో రేవుకు దగ్గరగా ఉన్న ఈ మూడంతస్తుల ఆఫీసులో ఫోన్లు ఎత్తడం, పార్సిళ్ళు పంపడం, టీ పెట్టడం, శుక్రవారం అందరికీ వండి వడ్డించడం నా పని. సముద్రంలో ఉన్న ముప్పై ఒక్క దీవులకు మావాళ్ళు ఇంటర్నెట్ ఇస్తారు. హాజీని ఎదురుగా ఉన్నప్పుడు ‘మీరు’ అంటాను గానీ, ఇక్కడ చెప్పేటప్పుడు నాకు అంత ఓపిక లేదు. ఆయన పక్కన కూర్చునే పెద్ద ఇంజనీరు దాయెంగ్ రొవా మాత్రం నాకు స్వయానా బావగారు. నా భర్త పోయాక నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించి, నా ఇద్దరు పిల్లల ఫీజులు కట్టిన మనిషి. ఆయన్ని ఎక్కడున్నా ‘మీరు’ అనే అంటాను.

పోయిన శుక్రవారం ఏం జరిగిందో మీకు తెలుసు. మూడున్నరకు గాలివాన వచ్చి మరంబాకు వెళ్ళే పెద్ద దారి తెగింది. అలా తెగినప్పుడు రెండో దారి వెంటనే అందుకోవాలి. ఆ రెండో దారి ఎటో చెప్పే లైను ఒకటి ఆ దీవి రూటర్ సెట్టింగుల్లో ఉంటుంది. ఆ రోజు అది లేదు. ఎవరో చెరిపేశారు. సరిగ్గా అదే సమయానికి అక్కడి నర్సమ్మ, ఊళ్ళో ఉన్న డాక్టరమ్మ స్క్రీన్ మీద చెప్తూ ఉంటే, కాళ్ళు ముందుకొచ్చిన బిడ్డను బయటకు తీస్తోంది. మాట మధ్యలో స్క్రీన్ నల్లబడింది. నలభై నిమిషాలు అలాగే ఉంది. తల్లి బతికి బయటపడింది. బిడ్డ ఇవాళ్టికి ఐదో రోజు అద్దాల పెట్టెలో ఉంది, ఇంకా నోరు తెరిచి ఏడవలేదు.

చెరిపినది ఎవరు? రూటర్ తన సొంత చిట్టాలో పన్నెండు గంటల ఇరవై ఒక్క నిమిషం అని రాసుకుంది. శుక్రవారం ఆ వేళకు మా మగవాళ్ళంతా రోడ్డు అవతల మసీదులో ఉంటారు. నేను కింద వంటగదిలో ఉంటాను. పైన కంప్యూటర్ల గదిలో ఉండేది తొరాజా కొండల నుంచి వచ్చిన క్రైస్తవ పిల్ల ఫ్రిదా ఒక్కతే. పాస్‌వర్డ్ అందరిదీ ఒకటే కాబట్టి పేరు చూసి పట్టుకునే వీలు లేదు. వేళ చూసి పట్టుకున్నారు.

మెట్ల మీద ఫ్రిదా నా ముంజేయి పట్టుకుంది. టీ పట్టుకుని లోపలికి రమ్మంది, టీ ఇచ్చేశాక వెళ్ళిపోవద్దంది. “నా పక్క ఒక్కరైనా ఆడమనిషి ఉంటే నోరు పెగులుతుంది అక్కా,” అంది. నేను ట్రే పట్టుకుని ముందు నడిచాను.

గదిలో ఇద్దరే ఉన్నారు. హాజీ బెద్దు కుర్చీలో నిండుగా కూర్చుని కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. మా బావగారు వాచిన కాలిని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టుకున్నారు. ఆయనకు బొటనవేలి దగ్గర నెప్పి, మాంసం తింటే ఇంకా పొంగుతుంది. నాలుగేళ్ళ కిందట టవర్ ఎక్కాలంటే వణికిపోయిన ఫ్రిదాకు నడుముకు తాడు కట్టి, ఒక్కో మెట్టూ తనే ముందు ఎక్కి నేర్పింది ఈయనే. ఆ పిల్ల పేరు రాయాల్సిందేనని పట్టుబట్టిందీ ఈయనే. పెంచిన చేత్తోనే కొట్టాలనుకునే మనుషులు కొందరుంటారు. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఆ నాలుగు రోజులూ ఆయన మొహం చూస్తే నా ఒళ్ళు మండేది.

“ముందు ఒక తప్పు ఒప్పుకుంటాను హాజీ,” అంది ఫ్రిదా. కూర్చోమన్నా కూర్చోలేదు. “తర్వాత ఒకటి చూపిస్తాను. అదే వరసలో వినండి.”

“తప్పు ఒప్పుకున్నాక ఇంక చూపించేదేముంది? పేరు రాసుకుని నా దారిన నేను పోతాను.”

“నేను ఒప్పుకునే తప్పు మీరు రాయబోయేది కాదు.”

ఆ తప్పేంటో మీకు అర్థం కావాలంటే మా ఆఫీసు పద్ధతి కొంచెం తెలియాలి. ఒకప్పుడు ప్రతి శుక్రవారం ఉదయం ఇంజనీర్లు ఒక్కో రూటర్ తెరిచి, దాని సెట్టింగులన్నీ పుస్తకాల్లోకి ఎక్కించేవాళ్ళు. ఏదైనా పాడైతే ఆ పుస్తకం చూసి మళ్ళీ నింపేవాళ్ళు. మా బావగారివి అలాంటి లావు పుస్తకాలు తొమ్మిదున్నాయి. అవంటే ఆయనకు ప్రాణం. ఏడాది కిందట ఫ్రిదా ఒక ప్రోగ్రామ్ రాసింది. ఒక పాత కంప్యూటర్‌లో కూర్చుని అది రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎవరూ చెప్పకుండానే, ముప్పై ఒక్క రూటర్ల తలుపూ వరసగా తడుతుంది. ఒక్కోదాని సెట్టింగులు కాపీ తీసుకుంటుంది. నిన్నటి కాపీతో పోల్చి, ఏమైనా మారితే కాగితం మీద అచ్చు వేస్తుంది. అది వచ్చాక అందరూ పుస్తకాలు రాయడం మానేశారు. మా బావగారు మాత్రం పాత పుస్తకం వదల్లేదు, ఆ కాగితం ముట్టుకోలేదు.

ఇంకో పద్ధతి దీనికంటే పాతది. శుక్రవారం నమాజు పిలుపు వినిపించినప్పటి నుంచి, కింద అందరి భోజనాలూ అయ్యేదాకా, రూటర్ల జోలికి మనిషి గానీ ప్రోగ్రామ్ గానీ పోకూడదు. ఆరేళ్ళ కిందట ఒకడు సగం మార్పు చేసి మసీదుకు పరిగెత్తితే, తిరిగొచ్చేసరికి తొమ్మిది దీవులు చీకట్లో ఉన్నాయి. అప్పుడు మా బావగారు పెట్టిన నియమం అది. కంప్యూటర్ల గది తలుపు మీద ఆయన చేత్తో రాసిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫ్రిదా ఆ నియమం తప్పింది. శుక్రవారాలు ప్రోగ్రామ్ ఆపమన్నారు, ఆపానని చెప్పింది, ఆపలేదు. గుటక మింగకుండా ఒక్క ఊపులో చెప్పేసింది.

మా బావగారు కాలు స్టూలు మీంచి దించారు.

“ఎన్ని శుక్రవారాలు?”

“యాభై మూడు, దాయెంగ్.”

“అంటే యాభై మూడు సార్లు నా మొహం మీద అబద్ధం ఆడావు.”

“మీరు అడిగింది ఒక్కసారే. అప్పుడు ఆడాను. మిగతా యాభై రెండు సార్లూ తల దించుకుని తిరిగాను.”

ఎందుకు చేసిందో కూడా చెప్పింది. వారంలో ఒక్క రోజు కాపీ లేకపోతే, ఆ ఒక్క రోజే ఏదైనా జరిగితే చేతులు ముడుచుకుని కూర్చోవాలి కదా అనిపించిందట. అడిగితే ఒప్పుకోరని తెలుసు, అడక్కుండా చేసే పాపం మొయ్యగలననుకుందట.

హాజీ కలం కింద పెట్టాడు. ఆయన మొద్దు మనిషి కాదు, వ్యాపారం చేసి పైకొచ్చినవాడు. కళ్ళు చిన్నవి చేసుకుని లెక్క కట్టాడు. పన్నెండు ఇరవై ఒకటికి లైను పోయింది. పన్నెండున్నరకు ఈ పిల్ల ప్రోగ్రామ్ అదే పాస్‌వర్డ్‌తో అదే రూటర్‌లోకి దూరింది. అదే సమయానికి గదిలో ఉన్నది ఈ పిల్లే. ఇంతవరకూ అనుమానమే ఉండేది, ఇప్పుడు సాక్ష్యం కూడా తనే తెచ్చి చేతిలో పెట్టిందని ఆయన తేల్చాడు. చెయ్యి మళ్ళీ కలం మీదికి వెళ్ళింది. నేను ట్రే గట్టిగా బల్ల మీద పెట్టాను, కనీసం ఆ చప్పుడుకైనా ఆగుతాడేమోనని.

“నా ప్రోగ్రామ్‌కి చదవడమే వచ్చు, రాయడం రాదు,” అంది ఫ్రిదా. “అది చదివి తెచ్చింది ఇదిగో.”

చేతిలోని కాగితం విప్పి ఆయన ముందు పరిచింది. మరంబా రూటర్ కాపీ. పైన తేదీ శుక్రవారానిది, వేళ పన్నెండున్నర. కింద ఎక్కడో ఒక లైను చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా గీత.

హాజీ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఆ లైను వెంట నడిచాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. రెండోసారి చదివాడు.

“ఇది ఆ లైనే కదా. రెండో దారిది.”

“అదే.”

“ఇరవై ఒకటికి పోయిన లైను ముప్పైకి ఎలా ఉంటుంది?”

“నిన్న మీరు ఆ రూటర్ చిట్టా నా చేతికిచ్చినప్పటి నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నాను హాజీ.”

కాగితం ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని మా బావగారు అన్నారు. గొంతులో కోపం కంటే తొందర ఎక్కువగా వినిపించింది. అప్పుడు ఫ్రిదా ఆయన వైపు తిరిగి, శుక్రవారం సాయంత్రం మరంబాను మళ్ళీ నిలబెట్టింది ఏ కాపీతోనో గుర్తు చేసింది. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి సెట్టింగులు నింపుతుంటే ఈయనే పక్కన నిలబడి చూశారు. రెండో దారి లేచింది. అది గురువారం కాపీ అని ఆమె అప్పుడు చెప్పింది, అదీ అబద్ధమే. గురువారం సాయంత్రం మరంబాలో కొత్త బడికి కనెక్షన్ ఇచ్చారు. గురువారం మధ్యాహ్నపు కాపీ అయితే ఆ బడి మళ్ళీ పోయి ఉండాలి. బడి పోలేదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది శుక్రవారం కాపీయే.

బడికి కనెక్షన్ ఇచ్చింది మా బావగారే.

“అయితే ఎవరు అబద్ధం ఆడుతున్నట్టు?” అన్నాడు హాజీ. “రూటరా, నీ ప్రోగ్రామా?”

“ఎవరూ ఆడటం లేదు. రూటర్‌ని ఇప్పుడు టైమెంతో అడగండి. నేను అడిగితే మళ్ళీ ఏదో మాయ చేశానంటారు. ఎలాగూ శుక్రవారం రాత్రే పాస్‌వర్డ్ మార్చేసి నాకు చెప్పలేదు. దాయెంగ్, మీరే అడగండి.”

మా బావగారు లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. మరంబా రూటర్‌లోకి వెళ్ళి, టైము చూపించమని నాలుగు అక్షరాలు కొట్టారు. నేను గోడ గడియారం చూశాను. రెండు గంటల పదిహేడు నిమిషాలు. స్క్రీన్ మీద నల్లటి పలకలో తెల్లటి అంకెలు వచ్చాయి. ఒంటిగంట పదిహేడు నిమిషాలు.

ఆయన ఇంకో దీవి తెరిచారు. ఒంటిగంట పదిహేడు. ఇంకోటి. ఒంటిగంట పద్దెనిమిది.

మాకూ జకార్తాకూ గంట తేడా అని ఇక్కడ పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. టీవీలో ఏడింటికి అన్న కార్యక్రమం మాకు ఎనిమిదికి వస్తుంది. అక్కడున్న చుట్టాలకు ఫోన్ చేయాలంటే గంట తీసేసి చేస్తాం. ఆ రూటర్లన్నీ జకార్తా దుకాణం నుంచి జకార్తా వేళతోనే దిగాయి. ఆరుగురు ఇంజనీర్లు, ఆరేళ్ళు, ముప్పై ఒక్క పెట్టెలు. ఒక్కరికీ వాటి గడియారం సరిచేయాలని తోచలేదు. గోడ మీద గడియారం ఉండగా రూటర్‌ని టైము అడిగే పని ఎవరికి పడుతుంది? ఆ పని పడేసరికి ఒక ఆడపిల్ల మెడకు ఉచ్చు బిగించి కూర్చున్నారు. నాకు వచ్చిన కోపానికి ఆ టీ కప్పులు ఎవరి నెత్తినైనా కుమ్మరించేదాన్నే.

“రూటర్ పన్నెండు ఇరవై ఒకటి అంటే మనకు ఒంటిగంట ఇరవై ఒకటి,” అంది ఫ్రిదా. ఇప్పుడు కూర్చుంది. “పన్నెండున్నరకు నా ప్రోగ్రామ్ వెళ్ళినప్పుడు లైను అక్కడే ఉంది. అది పోయింది మగవాళ్ళందరూ మసీదు నుంచి తిరిగొచ్చాక. ఒంటిగంట నుంచీ నేను కింద హస్నా అక్కతో కలిసి వడ్డిస్తున్నాను. మీ గిన్నెలో రెండోసారి పులుసు పోసింది నేనే హాజీ.”

హాజీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు. ఉత్తరాన్ని బోర్లా తిప్పాడు. నాలుగు రోజులుగా అన్న మాటలను ఎలా వెనక్కి తీసుకోవాలో తనకు తెలియదని, తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే అలాగే తీసుకుంటానని నేలచూపు చూస్తూ అన్నాడు. ఆ మాత్రం మాట ఆయన నోట రావడం నా పదకొండేళ్ళ నౌకరీలో అదే మొదటిసారి. ఫ్రిదా ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఎండిపోయాయి కూడా. ఎందుకంటే హాజీ నావైపు తిరిగాడు.

“ఒంటిగంట ఇరవై ఒకటికి అందరం కింద చాప మీదే ఉన్నాం కదా. పళ్ళేలు లెక్కపెట్టేది నువ్వే. ఎవరు లేరు?”

శుక్రవారం భోజనం మా ఆఫీసులో ఎవరూ ఎగ్గొట్టరు. నేను కోతో అనే మాంసం పులుసు వండుతాను. పేగులు, కార్జం, గుండెకాయ అన్నీ వేసి, వేరుశనగ పొడి పట్టించి, ఆకులో ఉడికించిన బురస అన్నం పక్కన పెడతాను. మొత్తం ఎనిమిది పళ్ళేలు. ఆ రోజు చాప మీద ఏడే ఉన్నాయి. ఎనిమిదో పళ్ళెం ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు.

నేను మా బావగారి వైపు చూడకూడదనుకుని చూశాను. ఆయన లాప్‌టాప్ మీంచి చేతులు తీయలేదు. ఒంటిగంట పదిహేడు అన్న అంకెలు కనిపించినప్పుడే ఆయనకు తెలిసిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. అంతకు ముందు క్షణం దాకా తెలియదు, ఒట్టు వేసి చెప్పగలను. తెలిసి ఒక ఆడపిల్లను ముందుకు తోసే మనిషి కాదు ఆయన. కానీ తెలిశాక పది నిమిషాలు గడిచాయి, ఆయన నోరు విప్పలేదు. మా మకస్సార్ మనుషులకు పరువు పోవడం కంటే ప్రాణం పోవడం తేలిక. ఊరి నిండా ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే ఉన్నారు. తలుపు మీద ఆ నియమం రాసిందే ఆయన.

ఫ్రిదా మధ్యలోకి వచ్చింది. లైను ఎవరు తీశారో ఇప్పుడు ఎందుకని, తన పేరు లేకపోతే చాలని, రూటర్ గడియారం తప్పుగా ఉందని మాత్రం రాసి పంపమని బతిమాలినట్టుగా అంది. అంటే దీనికీ తెలుసన్నమాట. నిన్నే లెక్క కట్టుకుని ఉంటుంది. ఆయనే చెబుతారని ఇంతసేపూ ఎదురుచూస్తోంది. నాలుగు రోజులు తనను దోషిగా నిలబెట్టిన మనిషి పరువు తన చేతుల్లో కాపాడుకొస్తోంది.

“ఆ బిడ్డ తండ్రి గడియారం పేరు అడగడు తల్లీ,” అన్నాడు హాజీ. “ఎవరి చెయ్యి అని అడుగుతాడు.”

నా పిల్లల ఫీజులు గుర్తొచ్చాయి. నా భర్త శవం దగ్గర నన్ను పట్టుకుని కూర్చోబెట్టిన ఈయన చేతులు గుర్తొచ్చాయి. అద్దాల పెట్టెలో ఏడవని బిడ్డ కూడా గుర్తొచ్చింది. నేను చెప్పకపోతే చుక్కల మీద ఎవరి పేరూ పడదు, ఊళ్ళో మాత్రం అందరూ ఫ్రిదా పేరే చెప్పుకుంటారు. చెబితే నేను ఏ మొహం పెట్టుకుని పండగకు ఆయన గుమ్మం తొక్కాలి? ఈ రెంటిలో ఏది పెద్దదో తూచుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు నాకు.

“దాయెంగ్ కింద తినలేదు హాజీ,” అన్నాను. “ఆయనకు కోతో పడదు. ఒంటిగంట దాటాక ఉడికించిన చిలగడదుంపలు పైకి పట్టుకెళ్ళి ఇచ్చాను. కంప్యూటర్ ముందు ఉన్నారు. పుస్తకం తెరిచి పక్కన ఉంది.”

మా బావగారు తలెత్తి నన్ను చూశారు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. అలసిపోయిన మనిషి మూట దించుకున్నట్టు భుజాలు కిందికి జారాయి.

“హస్నా నిజం చెప్పింది,” అన్నారు. “నేను చెప్పాల్సిన మాట తనతో చెప్పించాను. అది ఇంకో తప్పు.”

తర్వాత ఆయన చెప్పింది నేను ఉన్నదున్నట్టు చెబుతాను. రేవులో పడిపోయిన పాత టవర్ తాలూకు చచ్చిన లైన్లు ఇంకా రూటర్లలో ఉండిపోయాయని, వాటిని ఏరి పారేద్దామని చాలారోజులుగా అనుకుంటున్నారట. కింద అందరూ తింటున్నారు, కాలు సలుపుతోంది, ఊరికే కూర్చోవడం ఎందుకని మొదలుపెట్టారు. నమాజు అయిపోయింది కదా, భోజనాలంతసేపు ఆగడమెందుకని తను రాసిన నియమానికి తనే మినహాయింపు ఇచ్చుకున్నారు. పుస్తకంలో ఉన్న నంబర్లు చూసుకుంటూ చెరిపారు.

“మీ పుస్తకంలోవి పాత నంబర్లు దాయెంగ్,” అంది ఫ్రిదా మెల్లగా. “ఆగస్టులో అన్నీ మార్చాం. పాత టవర్ నంబర్లే ఇప్పుడు రెండో దారులకు ఇచ్చాం.”

“నాకు ఎవరూ—” అని ఆయన ఆగిపోయారు. “చెప్పావు. రోజూ కాగితం నా బల్ల మీద పెట్టావు. నేనే చదవలేదు.”

హాజీ ఉత్తరాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పాడు. చుక్కల దగ్గర కలం ఆన్చాడు కానీ రాయడం లేదు. ముప్పై ఏళ్ళ స్నేహం వాళ్ళిద్దరిది. కిటికీ అవతల పడమటి ఆకాశం నల్లగా ముసురుకొస్తోంది. హాజీ ఫోనులో వాతావరణంవాళ్ళ హెచ్చరిక మోగింది. నాలుగింటికి గాలివాన, చిన్న పడవలు బయటికి పోవద్దని.

“రాయండి,” అన్నారు మా బావగారు. “సంతకం నేనే పెడతాను. కానీ అది తర్వాత. ముందు ఇది వినండి. ఆ రోజు నేను చెరిపింది ఒక్క లైను కాదు.”

హాజీ తలెత్తాడు.

“పదకొండు. మరంబా ఒక్కటే బయటపడింది, ఎందుకంటే దాని పెద్ద దారి ఒక్కటే ఆ రోజు తెగింది. మిగతా పది దీవులకూ ఇప్పుడు రెండో దారి లేదు.”

ఫ్రిదా కుర్చీలోంచి లేచిపోయింది. ఆ పదిలో ఏవేవి ఉన్నాయో అడిగింది, ఆయన ఒక్కొక్క పేరూ చెబుతూ ఉంటే వేళ్ళు ముడుస్తూ పోయింది. వాటిలో మూడు దీవుల్లో ఆసుపత్రులున్నాయి. శనివారం మామూలుగా ప్రోగ్రామ్ నడిచి ఉంటే ఈ పది మార్పులూ అచ్చు వేసి ముందు పెట్టేది. శుక్రవారం రాత్రికి రాత్రే హాజీ ఆ పిల్ల మీద కోపంతో ఆ పాత కంప్యూటర్ పీకించి స్టోరు గదిలో పడేయించాడు. నాలుగు రోజులుగా ఎవరూ ఏ కాపీ తీయలేదు.

“నంబర్లు మనకెవరికైనా గుర్తున్నాయా?” అన్నాడు హాజీ.

“ఒక్కో దీవికి ఒక్కో తీరు, నోటికి ఎవరికీ రావు. పుస్తకాల్లో లేవు, ఆగస్టు కాగితాలు ఎప్పుడో పారేశాం. నా పెన్‌డ్రైవ్‌లో మరంబా ఒక్కటే ఉంది,” అంది ఫ్రిదా. “శుక్రవారం కాపీలు ముప్పై ఒక్కటీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. తెచ్చి తగిలించండి చాలు. ఇరవై నిమిషాల్లో పదీ మళ్ళీ పెట్టేస్తాను. అక్కా, స్టోరు తాళం.”

ముగ్గురూ నావైపు చూశారు. గోడ గడియారంలో రెండు నలభై. నా చెయ్యి నడుము దగ్గరున్న తాళాల గుత్తి మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పొద్దున హాజీ ఫోన్లో మాట్లాడుతూనే నాతో ఒక మాట అన్నాడు. ఆ ఆసుపత్రివాళ్ళు పాపం ఎప్పటినుంచో ఒక కంప్యూటర్ అడుగుతున్నారు, మన తప్పుకు మనమేదో చేసినట్టు ఉంటుంది, స్టోరులో ఖాళీగా ఉన్నది ఏదో ఒకటి పంపించేయ్ అని. స్టోరులో ఖాళీగా ఉన్నది ఒక్కటే.

“తాళం తీసి లాభం లేదు,” అన్నాను.

“ఏం? ఎక్కడుంది మరి?” అన్నాడు హాజీ.

“ఒంటిగంట పడవలో. మరంబా దారిలో,” అన్నాను. “నేనే ఎక్కించాను.”